ఉప్పు కాగితం పని

నా చిన్నప్పుడు, ఉత్తరాదిన ఇనుము కర్మాగారాల ఊళ్ళో, కద్మా అనే పేటలో మేమున్న సందులో ‘ఉప్పు కాగితం పని’ అనేది ఒక తిట్టు. పప్పు సగం ఉడికించి దించిన ఇల్లాలికీ, వాకిలి మధ్యలో ఊడ్చి మూలలు వదిలేసిన పనిమనిషికీ, పదమూడో ఎక్కం గడగడా అప్పజెప్పి మధ్యలో రెండు మెట్లు మింగేసిన నాకూ అది సమానంగా వర్తించేది. దాన్ని పుట్టించినవాడు మా పక్కింటి తాత. చెక్కను రుద్ది నున్నగా చేసే గరుకు కాగితాన్ని మన వైపు వడ్రంగులు ఉప్పు కాగితం అంటారు. దానితో పని ముగించేవాడు ఆయన లెక్కలో వడ్రంగి కాదు, గిన్నెలు తోముకునేవాడు.

ఆ తాతది సోంపేట దగ్గర పల్లె. ఇక్కడ ఒక కర్మాగారంలో ముప్పై ఒక్కేళ్ళు చెక్క నమూనాలు చేసి రిటైరయ్యాడు. ఇనుముతో పోత పోయవలసిన వస్తువును ముందు చెక్కతో చేసి, దాని అచ్చును ఇసకలో తీస్తారు. ఆ చెక్క మీద వెంట్రుకంత నార లేచినా ఇసక దాన్ని పట్టుకుంటుంది, అచ్చు విరిగిపోతుంది. అందుకే ఆయన ఏ చెక్కనైనా చిత్రికతోనే ముగించేవాడు. ఊళ్ళో అందరిలాగే దాన్ని రందా అనేవాడు. దాని బ్లేడును సానరాయి మీద పదును పెట్టి, ముంజేతి వెంట్రుకలు గొరిగి చూసుకొని, అప్పుడు చెక్క మీద పెట్టేవాడు. నెడితే సుయ్యిమని ఉల్లిపొర లాంటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచేది. ఒక చుట్టను విప్పి మా అమ్మ పంచాంగం మీద పరిచాను. కింద అక్షరాలు చదవగలిగాను.

ఈ కాలం వాళ్ళకు ఇదంతా చెప్పడం దండగ. పోయిన నెల ఆదిత్యపూర్‌లో మా అబ్బాయి కొన్న ఫ్లాటులో ఒక ఠేకేదారు, అంటే గుత్తకు పనిచేసేవాడు, భోజనాల బల్ల చేశాడు. చేశాడు అనకూడదు, గుర్రుమనే మిషనుతో రెండు గంటలు దుమ్ము లేపాడు. తర్వాత దాని మీద నూనె లాంటిదేదో పోసి, “మాతాజీ, హాథ్ ఫేరియే, మక్ఖన్ హై” అన్నాడు. చెయ్యి పెట్టి చూడు, వెన్న అని. వెన్న అమ్మేవాడు ఎవడూ అది వెన్న అని చెప్పనక్కర్లేదు. బల్ల కింది వైపు చూశాను. అక్కడ మిషను కూడా తగల్లేదు. నేను అడిగితే మా మనవరాలు, “నాన్నమ్మా, కౌన్ దేఖ్‌తా హై?” అంది. ఎవరు చూస్తారట. బల్లను చూసేవాళ్ళ కోసం చేయించుకున్నారని నాకు ముందు తెలియదు.

ఆ తాత దగ్గర ఆయన మనవరాలు ఉండేది. తల్లీ తండ్రీ పల్లెలో ఉంటే, చదువు కోసం ఈమెను ఇక్కడ పెట్టారు. నేను అక్క అనేదాన్ని. అక్కకు పందొమ్మిదేళ్ళు. మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరానికి ఎడమ కాలు చచ్చుబడింది. చంకకర్ర మీద నడిచేది. ఆ కర్ర బజారులో కొన్నది. చంక కింద ఉండే అడ్డపట్టీని ఎవరో ఉప్పు కాగితంతో బాగా రుద్ది, వార్నీషు పట్టించి, అద్దంలా చేసి అమ్మారు. రెండు నెలల్లో చెమటకు వార్నీషు ఊడింది. కింద చెక్క బయటపడి, తడి తగిలినప్పుడల్లా ముళ్ళు ముళ్ళుగా లేచేది. గుడ్డ చుడితే అది చెమట పీల్చి మధ్యాహ్నానికి కంపు కొట్టేది, కింద చర్మం పాసిపోయేది. అక్క చంకలో పుండు ఉందని నాకు తెలుసు. మా అమ్మ రోజూ సాయంత్రం కొబ్బరినూనెలో పసుపు కలిపి ఇచ్చేది, నేను పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని.

ఆ యేడు మా బడిలో, అంటే తెలుగువాళ్ళు కమిటీ వేసుకొని నడుపుకునే చిన్న బడిలో, టీచరు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అక్కకు మార్కులున్నాయి, తెలుగూ హిందీ రెండూ చక్కగా వచ్చు. కమిటీ కార్యదర్శికి మాత్రం కాలే కనిపించింది. మా వాకిట్లోనే నిలబడి, మా నాన్నతో, అక్కకు వినిపించేలా అన్నాడు. “తను నిలబడనేని మేస్టరమ్మ పిల్లల్ని ఏటి నిలబెడతాదండీ?” ఆ మాటకు తనే నవ్వుకొని, ఒక షరతు పెట్టాడు. సోమవారం నాలుగో తరగతికి, అంటే మా తరగతికే, వరసగా నాలుగు పీరియడ్లు పాఠం చెప్పాలి, కుర్చీ ఉండదు, తాను వెనక బెంచీలో కూచుని చూస్తాడు. నిలబడగలిగితే ఉద్యోగం, లేకపోతే లేదు. పాఠం ఎలా చెబుతుందో చూస్తానని అనలేదు. గుర్రాన్ని కొనేవాడు కూడా పళ్ళు చూస్తాడు.

పక్క వాకిట్లో ఆ మాట విన్న తాత లేచాడు. లోపలికెళ్ళి దాచుకున్న గంహార్ చెక్క తీశాడు. గంహార్ అంటే మనవాళ్ళ గుమ్మడి టేకు, తేలికగా ఉంటుంది, చీలదు. కొత్త చంకకర్ర మొదలుపెట్టాడు. గడువు పది రోజులు. రెండు నిలువు కర్రలు, చేతిపిడి, చివర రబ్బరు బిళ్ళ ఆరు రోజుల్లో అయ్యాయి. మిగిలింది అడ్డపట్టీ. అది నెలవంకలా లోపలికి వంగి ఉండాలి. దానికోసం ఆయన దగ్గర అడుగు గుండ్రంగా ఉన్న చిన్న రందా ఒకటి ఉండేది, నమూనాల షాపులో తానే చేసుకున్నది. రెండు కొసల నుంచీ మధ్యకు నెట్టాలి. ఒకే వైపు నుంచి నెట్టుకుపోతే సగం దాటాక చెక్క నార ఎదురు తిరిగి చిట్లుతుంది. నేను పక్కన కూచుని లెక్కపెట్టేదాన్ని. శుక్రవారం ఒక్క సాయంత్రమే రెండు వందల పధ్నాలుగు సార్లు నెట్టాడు. ఆ తర్వాత గుడ్డ కప్పి, చివరి పట్టు ఆదివారం పొద్దున అని చెప్పాడు.

మా నాన్న షిఫ్టు నుంచి వచ్చి సైకిలు దిగుతూ ఇది చూశాడు. మా నాన్న మంచివాడు, కానీ ఏ పని చూసినా అది ఎప్పుడు అయిపోతుందా అనే చూసేవాడు.

“ఏటి బాబాయ్, ఒక్క కర్రకి ఇన్ని దినాలా? ఉప్పు కాయితం ఎట్టి రుద్దెయ్, గంటలో అయిపోద్ది.”

“అయిపోద్దిరా,” అన్నాడు తాత తలెత్తకుండా. “కర్ర గంటలో అయిపోద్ది. పిల్ల సంక రెండు గంటల్లో అయిపోద్ది.”

రాత్రి అన్నాల దగ్గర నాన్న అమ్మతో మళ్ళీ అదే అన్నాడు. ముసలాయన చాదస్తానికి ఆ పిల్ల ఉద్యోగం పోతుందేమో, ఒక ఉప్పు కాగితం ముక్కతో తేలిపోయే పనికి, అని. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. తాత కోప్పడతాడని తెలుసు. కానీ సోమవారానికి ఎన్ని గంటలున్నాయో కూడా లెక్కపెట్టుకున్నాను. అక్క ఉద్యోగం పోకూడదు.

శనివారం మధ్యాహ్నం తాత ఇత్తడి మరమేకుల కోసం టెల్కో కాలనీలో పాత స్నేహితుడి ఇంటికి బస్సెక్కాడు. అక్క నిద్రపోతోంది. నేను ఒక నాణెం తీసుకొని బజారుకు వెళ్ళాను. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఉప్పు కాగితాన్ని నేను ఎన్నడూ చూడలేదు. తాత ఇంట్లో అది ఉండదు, మా ఇంట్లో అవసరం లేదు. బజారులో దాన్ని రేగ్‌మాల్ అంటారని నాకు తెలియదు. రేగ్‌మాల్ అనే మాట విన్నాను, కానీ అది వేరే ఏదో అనుకున్నాను. ఉప్పు కాగితం అంటే ఉప్పు ఉన్న కాగితం. ఉప్పు ఎక్కడ దొరుకుతుంది? కిరాణా కొట్లో. తర్కంలో తప్పేమీ లేదు.

కొట్టతనితో, “నమక్‌వాలా కాగజ్ దీజియే” అన్నాను.

ఆయన తక్కెడ వదిలేసి నన్ను చూశాడు. “నమక్‌వాలా కాగజ్ నహీ, బేటీ. కాగజ్‌వాలా నమక్ బోలో.” ఉప్పు ఉన్న కాగితం కాదమ్మా, కాగితంలో ఉన్న ఉప్పు అనాలి అని. పక్కన బియ్యం కొంటున్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. ఈ మద్రాసీ పిల్లలకు హిందీ ఎప్పుడొస్తుందో అని వాళ్ళలో ఒకామె అంది. నాకు ఒళ్ళు మండింది. నా హిందీ తప్పే అయ్యుంటుంది అనుకున్నాను, కానీ ఒప్పుకోలేదు. ఆయన పాత వార్తాపత్రిక ముక్కలో గళ్ళుప్పు పొట్లం కట్టి ఇచ్చాడు. సరే, ఇదే కాబోలు. కాగితమూ ఉంది, ఉప్పూ ఉంది.

జూలై నెల. ఉప్పు అప్పటికే చెమ్మగిల్లి ఉంది. గుడ్డ తీసి, కాగితంతో సహా ఉప్పును అడ్డపట్టీ మీద పెట్టి రుద్దాను. మొదట నున్నగా అవుతున్నట్టే అనిపించింది. నీళ్ళు చిలకరిస్తే ఇంకా బాగా జారింది. నూట యాభై సార్లు రుద్దాను. కాగితం చిరిగి ముద్దయింది. చెక్క రంగు కొంచెం మారింది. తుడిచి గుడ్డ కప్పేసి, ఒక పెద్ద పని ముగించినదానిలా ఇంటికి వచ్చి పడుకున్నాను.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు తాత రందా పెట్టాడు. సుయ్యిమనవలసినది కర్రుమంది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. రందా తిప్పి బ్లేడు చూశాడు. చెక్క మీద చెయ్యి పెట్టి చూశాడు. మళ్ళీ పెట్టి చూశాడు. ఆ తర్వాత వంగి, అడ్డపట్టీని నాలుకతో తాకాడు.

“ఉప్పు,” అన్నాడు.

సందులో ఉప్పు తెచ్చి చెక్కకు పూసే మనిషి నేను కాక ఇంకెవరూ లేరు. నేనే చెప్పాను. ముద్దయిన కాగితం కూడా చూపించాను. తాత దాన్ని వేలి కొసన పట్టుకొని అటూ ఇటూ తిప్పాడు.

“ఏటే గుంటా, ఉప్పు కాయితం అంటే ఇదేటి?”

“కాదా తాతా?”

“లోకం పుట్టింది మొదలు అందరూ అబద్ధం ఉప్పు కాయితమే రుద్దినారు. నిజం ఉప్పు కాయితం రుద్దినది నువ్వొక్కర్తివే.” నవ్వాడు. ఒక్కసారే. ఆ నవ్వులో నా మీద ఎంత చులకన ఉందో ఇప్పటికీ చెప్పగలను. “మళ్ళా దాని మీద గుడ్డ కూడా కప్పినావు. తెలీక సేసినదానివైతే గుడ్డ ఎందుకు కప్పినావేటి?”

ఆయన బ్లేడు ఊడదీసి, తుడిచి, నూనె రాసి పక్కన పెట్టాడు. ఉప్పు ఇంకిన చెక్కను మళ్ళీ చిత్రిక పడితే ఒంపు లోతు మారిపోతుంది. పట్టకుండా వదిలేస్తే వానాకాలమంతా చెమ్మ లాగుతుంది, పుండు మీద మండుతుంది. ఏ దారీ లేదు. అడ్డపట్టీ కొత్తది చెయ్యాలి. కోసి, ఒంపు తీశాక చెక్కను ఒక రాత్రి వదిలెయ్యాలి, వంకర పోదలుచుకుంటే ఆ రాత్రే పోతుంది. చివరి పట్టు పగటి వెలుతురులో తప్ప ఆయన కళ్ళకు ఆనదు, దానికే ఒక పూట పడుతుంది. అంటే సోమవారం మధ్యాహ్నం. అక్క పాఠం సోమవారం పొద్దున తొమ్మిదింటికి.

మా నాన్న వచ్చాడు. విషయం విని నా వీపు మీద ఒకటి వేశాడు. ఆ వెంటనే జేబులోంచి గరుకు కాగితం తీశాడు. అదే రేగ్‌మాల్, అదే ఉప్పు కాగితం. ఆ రెండూ ఒకటేనని నాకు తెలిసింది అప్పుడే. “ఇప్పటికైనా ఇనుకో బాబాయ్. కొత్త పట్టీ కోసియ్యి, నాను రుద్దేత్తాను. సాయంత్రానికి బిగించేద్దాం.”

తాత మిగిలిన గంహార్ ముక్క ఒకటి తీసి, మధ్యలో పెన్సిలు గీత గీసి, నాన్న ముందు పెట్టాడు. “ఈ సగం నువ్వు రుద్దు. తీరిగ్గా రుద్దు.” నాన్న మూడు రకాల కాగితం మార్చి అరగంట రుద్దాడు. తాత తన సగాన్ని వేరే బ్లేడుతో పదకొండు సార్లు నెట్టి ఆపేశాడు. తర్వాత అక్కను పిలిచి, కళ్ళు మూసుకోమని, ముంజేతి లోపలి వైపు రెండింటికీ ఆనించి చూడమన్నాడు. అరచెయ్యి మొద్దుది, అది అబద్ధం చెబుతుంది అన్నాడు.

మా నాన్న రుద్దిన సగమే మెత్తగా ఉందని అక్క చెప్పింది. నేనూ అదే చెప్పాను. మా అమ్మా అదే చెప్పింది. నాన్న మీసం సవరించుకున్నాడు. తాత గ్లాసులో నీళ్ళు తెచ్చి రెండు సగాల మీదా సమంగా ఒంపాడు. చెక్కను పొయ్యి పక్కన నిలబెట్టి, బీడీ వెలిగించి కూచున్నాడు. బీడీ అయ్యాక, “ఇప్పుడు సూడండి” అన్నాడు.

నాన్న సగం మీద ముంజెయ్యి పెట్టగానే వెనక్కు లాక్కున్నాను. మూడు రోజుల గడ్డంలా ఉంది. తాత సగం ఇందాక ఎలా ఉందో అలాగే ఉంది. గరుకు కాగితం నారను కొయ్యదు, పీకి పడుకోబెడుతుంది. తడి తగిలితే పడుకున్నదంతా లేచి కూచుంటుంది. పదునైన బ్లేడు నారను కోసేస్తుంది, ఇక లేవడానికి ఏమీ మిగలదు. ఈ సంగతి ఆయన ఇన్ని మాటల్లో చెప్పలేదు. “ఇది సెక్కకి మొకం కడగడం. అది సెక్కకి మొకం సెయ్యడం,” అన్నాడు. అంతే.

నాన్న రెండుసార్లు పెట్టి చూసుకొని, “ఈ సగం సెక్కలోనే తేడా ఉంది బాబాయ్” అన్నాడు.

“ఒక్కటే సెక్కరా. తేడా మడుసుల్లో ఉంది.”

మిగిలిన నిర్ణయం అక్క చేసింది. రుద్దిన కొత్తదైనా మొదటి పీరియడు చెమటకు పాతదానిలాగే అవుతుంది. అలాంటప్పుడు తాతను తొందరపెట్టడం ఎందుకు అంది. “నువ్వు నింపాదిగా సెయ్యి తాతా. రేపొక్కపూట పాతదాంతో నిలబడతాను.” నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

సోమవారం నేను నాలుగో తరగతిలో రెండో వరసలో కూచున్నాను. అక్క తెల్ల జాకెట్టు, నీలం చీర కట్టుకొని వచ్చింది. ఎడమ చంకలో పాత కర్ర, కుడి చేతిలో సుద్దముక్క. మొదటి పీరియడు భిన్నాలు చెప్పింది. అంత బాగా మాకు ఎవరూ చెప్పలేదు. రొట్టెలు, లడ్డూలు కాకుండా ఖర్కాయి నది మీద వంతెన దాటుతున్న బస్సుతో చెప్పింది. రెండో పీరియడు సగంలో ఆమె చంక కింద జాకెట్టు మీద రూపాయి బిళ్ళంత మరక కనిపించింది. మూడో పీరియడుకు అది తమలపాకంత అయింది. బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పమిట ఆ వైపు లాక్కునేది. గొంతు మాత్రం మారలేదు. వెనక బెంచీలో కార్యదర్శి చేతిగడియారం చూసుకుంటున్నాడు. అదే మూడో పీరియడులో లేచి బయటికి పోయాడు. బెంచీ మీద అంతసేపు కూచోలేకపోయాడట, నడుం పట్టేసిందట. నాలుగో పీరియడు గంట కొట్టే ముందు వచ్చి, తలుపు దగ్గర నిలబడి, సరే అన్నాడు.

తాత అడ్డపట్టీ ఆ మధ్యాహ్నమే అయింది. మర్నాటి నుంచి అక్క దానితోనే బడికి వెళ్ళింది, ఇరవై ఆరేళ్ళు. రబ్బరు బిళ్ళలు ఎన్నో మార్చింది, నిలువు కర్రలు ఒకసారి మార్చింది, ఆ పట్టీ మార్చలేదు. పుండు మానడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. నూనె పట్టుకెళ్ళింది నేనే కనక ఆ లెక్క నాకు తెలుసు. ఒక్కరోజు కూడా అక్క ఉప్పు సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నేను అంత శ్రద్ధగా లెక్కలు వేసుకునేదాన్ని కాదేమో.

శనివారం నేను రుద్దింది పావుగంట. ఆ పావుగంటలో తొమ్మిది రోజుల పని ముగించేశానని సంబరపడ్డాను. సోమవారం అక్క నిలబడింది నలభై నిమిషాల పీరియడ్లు నాలుగు, అంటే నూట అరవై నిమిషాలు. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు. అప్పటినుంచీ ఎవరైనా నా ముందుకొచ్చి పని ఇట్టే అయిపోయిందని గర్వంగా చెబితే నేను మెచ్చుకోను. మిగిల్చిన ఆ సమయం ఎవరి ఒంటి మీద పడిందో అడుగుతాను. చాలామందికి ఆ ప్రశ్న నచ్చదు. నన్ను నేను అడిగినప్పుడు నాకూ నచ్చదు.